మిరప మొక్కకు మోహన వినిపిస్తే

విజయవాడలో మిద్దెతోటలు పెంచేవాళ్ల ఫోన్లలో ఓ తరహా వీడియో తరచూ చక్కర్లు కొడుతుంటుంది. పక్కపక్కన రెండు మిరప కుండీలు. ఒకదాని దగ్గర చిన్న బ్లూటూత్ స్పీకర్, అందులోంచి వీణ. నెల తిరిగేసరికి వీణ విన్న మొక్క ఏపుగా పెరిగి పూత మీద ఉంటుంది, రెండోది గిడసబారి ఉంటుంది. చూసినవాళ్లు రెండుగా చీలిపోతారు. మన పెద్దలు ఎప్పుడో చెప్పారని కొందరు, చెట్టుకు చెవులెక్కడివని ఇంకొందరు.

అందరూ ఒకే ప్రశ్న మీద వాదించుకుంటున్నామనుకుంటారు గానీ ఇందులో మూడున్నాయి. మొక్కకు కంపనం తెలుస్తుందా? తెలిస్తే దానివల్ల మొక్కలో పనికొచ్చే మార్పేమైనా వస్తుందా? ఆ మార్పుకు రాగం, తాళం కావాలా, ఉత్త గుయ్యిమన్నా చాలా? మొదటిదానికి జవాబు అవును. రెండోదానికి, కొన్ని సందర్భాల్లో. మూడోదానికి ఇప్పటిదాకా గట్టి సాక్ష్యం లేదు. వీడియోలు మొదటి ప్రశ్నకున్న రుజువు చూపించి మూడోదానికి జవాబు చెప్పేస్తాయి. నవ్వేవాళ్లేమో మూడోది నిలబడలేదని మొదటిదాన్ని కూడా కొట్టిపారేస్తారు.

పాటకు పూసే చెట్టు కావ్యాల్లో ఉంది

పెద్దలు చెప్పారన్న మాట అబద్ధం కాదు. ఎక్కడ చెప్పారన్నదే చూసుకోవాలి. ఉద్యానవనాన్ని వర్ణించేటప్పుడు కవులు తమలో తాము పాటించుకునే కట్టుబాట్లను కవిసమయాలంటారు. వాటిలో దోహదాలు ఒక రకం. ఫలానా చెట్టు పూయాలంటే అందమైన స్త్రీ ఫలానా పని చేయాలి. అశోకాన్ని కాలితో తన్నాలి. పొగడను పుక్కిట పట్టిన మద్యంతో తడపాలి. గోరంటను కౌగిలించుకోవాలి. సంపెంగ దగ్గర నవ్వాలి. కొండగోగు ముందు నాట్యమాడాలి. సురపొన్న పూయాలంటే పాట పాడాలి, "గీతాన్నమేరుః" అని. మెదక్ దగ్గరి కొలచారానికి చెందిన మల్లినాథసూరి మేఘసందేశానికి వ్యాఖ్య రాస్తూ ఈ శ్లోకాన్ని ఉదహరించాడు.

పది చెట్లున్న ఆ పట్టికలో పాటకు దక్కింది ఒక్కటే. పైగా అది తోటమాలికి రాసిచ్చిన చిట్టా కాదు, కవికి అలంకారం.  సంగీతం గొప్పదనానికి మనం ఎప్పుడూ చెప్పుకునే "శిశుర్వేత్తి పశుర్వేత్తి వేత్తి గానరసం ఫణిః" తీసుకోండి. పసిపిల్లలున్నారు, పశువులున్నాయి, పాము కూడా ఉంది. మొక్క లేదు.

ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురం వెళ్తూ అమృతవర్షిణి పాడితే వాన కురిసిందన్న కథ కూడా ఈ కోవలోదే. పాట ముందు, ప్రకృతి వెనక. బయట చూస్తే చాలాసార్లు వరస వేరుగా ఉంటుంది. కోయిల కూసింది కాబట్టి మామిడి పూసిందని కవిత్వం అంటుంది. కానీ కోయిల గొంతు విప్పి గట్టిగా అందుకునేసరికి నూజివీడు తోటల్లో చాలావరకు పూత అయిపోయి పిందెలు వేలాడుతుంటాయి. మామిడికి తన లెక్క ఉంది, కోయిలకు జతకట్టే కాలం ఉంది. రెండూ దగ్గర దగ్గరగా వస్తాయంతే.

స్పీకర్‌లోంచి మొక్కను చేరేది ఎంత?

శబ్దం అంటే గాలిలో ఒత్తిడి హెచ్చుతగ్గులు. సెకనుకు ఎన్నిసార్లు హెచ్చి తగ్గుతుందో అది ఫ్రీక్వెన్సీ, హెర్ట్జ్‌లలో చెబుతారు. ఎంత గట్టిగా ఉందో డెసిబెల్స్‌లో చెబుతారు. ఆ ఒత్తిడి తగిలి ఆకు అతి సన్నగా వణుకుతుంది. మొక్కకు చెవి లేదు గానీ కణాల పొరల్లో ఒత్తిడికి, సాగదీతకు స్పందించే ద్వారాలున్నాయి. గాలి వీచినా, చెయ్యి తగిలినా, పురుగు నడిచినా మొక్కకు తెలిసేది ఈ రకం స్పందనల వల్లే.

ఇక లెక్క. స్పీకర్ గట్టిగా మోగుతున్నచోట 80 డెసిబెల్స్ ఉందనుకుందాం. ఆ శబ్దం మోసుకొచ్చే శక్తి చదరపు మీటరుకు వాట్‌లో పదివేలవ వంతు. మిట్టమధ్యాహ్నం ఎండ చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు. తేడా కోటి రెట్లు. కాబట్టి సంగీతం మొక్కకు ఆహారం కాలేదు. అయితే గియితే సంకేతం కావచ్చు. అన్నం పెట్టడం వేరు, తలుపు తట్టడం వేరు. తట్టిన చప్పుడులో బలం ఎంతన్నది ముఖ్యం కాదు, లోపలున్నవాళ్లు దాన్ని గుర్తుపడతారా లేదా అన్నదే ముఖ్యం. "ఇంత చిన్న శబ్దానికి ఏమవుతుంది" అని కొట్టేయలేకపోవడానికి కారణం ఇదే.

రాగం ఒకటి, ఫ్రీక్వెన్సీ ఒకటి

సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇది తెలిసిందే అయినా మొక్కల చర్చలో ఎవరూ ఎత్తరు. రాగం అనేది స్వరాల మధ్య ఉండే సంబంధం. షడ్జమం, అంటే 'స', ఎక్కడ పెట్టుకోవాలన్నది పాడేవారి గొంతును బట్టి ఉంటుంది. ఒకటి శ్రుతిలో పాడే గాయకుడి షడ్జమం దాదాపు 131 హెర్ట్జ్, పంచమం, అంటే 'ప', 196. అయిదు శ్రుతిలో పాడే గాయని షడ్జమమే 196, పంచమం 294. ఆయన పంచమం దగ్గర ఆమె షడ్జమం మొదలవుతోంది. ఇద్దరూ పాడింది మోహనే, మన చెవికి అదే రాగం. గాలిలోని కంపనాల లెక్కలో మాత్రం రెండూ వేర్వేరు.

దక్షిణ కొరియా పరిశోధకులు 2008లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. 125, 250 హెర్ట్జ్ శబ్దాలకు వరి మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియకు సంబంధించిన జన్యువుల పని పెరిగింది, 50 హెర్ట్జ్‌కు తగ్గింది. ఇది నిలబడితే మొక్కకు పట్టింది ఫ్రీక్వెన్సీ. అప్పుడు "మొక్కకు చారుకేశి రాగం మంచిది" అని కొందరనే మాటకు అర్థం ఉండదు. ఏ శ్రుతిలో చారుకేశి అని అడగాల్సి వస్తుంది. రాగాన్ని గుర్తుపట్టాలంటే షడ్జమాన్ని గుర్తుంచుకుని మిగతా స్వరాలను దానితో పోల్చాలి. మొక్కలో అలాంటి ఏర్పాటు ఏదీ ఇంతవరకు కనబడలేదు.

వాదం ఎక్కడ పుట్టింది

చాలామంది జగదీశ్ చంద్ర బోస్ పేరు తెస్తారు. బోస్ చూపించింది తక్కువదేం కాదు. మొక్క పెరుగుదలను వేల రెట్లు పెద్దది చేసి చూపే క్రెస్కోగ్రాఫ్ తయారుచేశారు, స్పర్శకూ వేడికీ మందులకూ మొక్కలో వచ్చే విద్యుత్ స్పందనలను నమోదు చేశారు. ఆయన ప్రధానంగా పనిచేసింది వీటి మీద. సంగీతాన్ని ఆయన ఖాతాలో వేసింది తర్వాతివాళ్లే.

సంగీతం మీద నేరుగా పనిచేసింది అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్ర విభాగాన్ని నడిపిన టి.సి.సింగ్. 1950ల నుంచి ఆయన వయొలిన్, వీణ వినిపించి మొక్కలను కొలిచారు. బాల్సమ్ మొక్కలు 20 శాతం ఎత్తు పెరిగాయని, జీవభారం, అంటే మొక్క మొత్తం తూకం, 72 శాతం హెచ్చిందని చెప్పారు. వరి పొలాల్లో లౌడ్‌స్పీకర్లు పెట్టి చారుకేశి వినిపిస్తే దిగుబడి 25 నుంచి 60 శాతం పెరిగిందన్న మాట కూడా అప్పటిదే. 1973లో అమెరికాలో డెన్వర్‌కు చెందిన డొరొతీ రెటలాక్, రాక్ సంగీతానికి మొక్కలు దూరంగా వంగాయని, సితార్ వైపు వాలాయని ప్రచురించింది. పత్రికలకు అంతకన్నా ఏం కావాలి?

ఈ ప్రయోగాలను పూర్తిగా తీసిపారేయడం న్యాయం కాదు. అడగాల్సిన ప్రశ్న అడిగారు, మొక్కలను కొలిచారు. చైనాలో శబ్దం వినిపించి పంట పెంచే యంత్రాలు టమాటా, పత్తి లాంటి పంటల మీద వాడి దిగుబడి పెరిగిందని నివేదించినవాళ్లూ ఉన్నారు. చిక్కల్లా, అంత పెద్ద శాతాలు నిజమైతే ఈ అరవై డెబ్భై ఏళ్లలో ఎరువుల కొట్లో స్పీకర్ కూడా అమ్మకానికి వచ్చేది. 60 శాతం దిగుబడిని వద్దనే రైతు గుంటూరు జిల్లాలో లేడు.

కుండీల లెక్క: అదృష్టం వీడియో ఎలా అవుతుంది

ఆరు మిరప కుండీలు తీసుకుందాం. మూడింటికి పొద్దున్నే గంటసేపు మోహన, మూడింటికి ఏమీ లేదు. నెలయ్యాక కొలిస్తే పొడుగైన మూడూ పాట విన్నవే. ఇంకేం కావాలనిపిస్తుంది.

ఆరింటిలోంచి మూడింటిని ఎంచుకునే దారులు 20. పాటకు ఏ ప్రభావమూ లేకపోయినా ఆ 20లో ఒక దారి సరిగ్గా పొడుగైన మూడింటినీ ఒకచోట చేర్చేది. అంటే ఊరికే అలా కలిసిరావడానికి అవకాశం 5 శాతం. సత్యనారాయణపురం నుంచి పటమట దాకా వంద ఇళ్లలో ఇదే చేశారనుకోండి. అయిదు ఇళ్లలో, ఒకటి రెండు అటూ ఇటూగా, అద్భుతం జరుగుతుంది. ఆ అయిదు ఇళ్ల నుంచే వీడియోలు వస్తాయి. మిగతా 95 ఇళ్లవాళ్లు ఫోన్ తీయరు. అదే పదీ పదీ చొప్పున 20 కుండీలు పెడితే దారులు 1,84,756. అప్పుడు పొడుగైన పదీ పాట వైపే వస్తే కూర్చుని ఆలోచించాల్సిందే.

అదృష్టం ఒక్కటే కాదు, డాబా కూడా మోసం చేస్తుంది. మే నెల బెజవాడ ఎండలో స్పీకర్ ఎవరూ పెట్టరు, పాడైపోతుంది. ప్లగ్ పాయింట్ ఉన్న గోడ పక్కన, షేడ్ నెట్ కింద పెడతారు. సంగీతం మొక్క కూడా అక్కడికే వస్తుంది. రెండోది ట్యాంకు అవతల ఎండలో ఉంటుంది. నెల తర్వాత తేడా వస్తే అది వీణ వల్లనా, నీడ వల్లనా? పాట పెట్టడానికి రోజూ పొద్దున మొక్క దగ్గరికి వెళ్లినవాళ్లు ఆకు తిప్పి చూస్తారు, పురుగు ఉంటే గిల్లి పారేస్తారు, మట్టి ఆరితే నీళ్లు పోస్తారు. రేడియోలో భక్తిరంజని మొదలయ్యేసరికే మొక్కల దగ్గరుండే ఇంట్లో పాదులు బాగుండడానికి ఆ మనిషి పొద్దున్నే లేవడం చాలు.

అసలు పొడుగును ఆరోగ్యం అనుకోవడమే తప్పు కావచ్చు. వెలుతురు చాలకపోతే నారు సన్నగా సాగిపోతుందని నర్సరీలో పనిచేసేవాళ్లెవరినడిగినా చెబుతారు. గాలికి ఊగిన, రోజూ చెయ్యి తగిలిన మొక్కలు పొట్టిగా, కాండం గట్టిగా తయారవుతాయి. అంటే కంపనం వల్ల మొక్క పొట్టిదైనా అది మేలే కావచ్చు. అందుకే గట్టి ప్రయోగంలో ఏ కుండీకి పాట అన్నది చీటీలు వేసి తేలుస్తారు, రెండోవైపు మోగని స్పీకర్ పెడతారు, కొలిచే మనిషికి ఏది ఏదో చెప్పరు.

మొక్క నిజంగా పట్టించుకునే చప్పుళ్లు

2014లో మిస్సోరి విశ్వవిద్యాలయంలో హైడీ అపెల్, రెక్స్ కాక్రాఫ్ట్ ఆవ కుటుంబానికి చెందిన ఒక చిన్న మొక్కను తీసుకున్నారు. గొంగళిపురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే వణుకును రికార్డు చేసి, పురుగు లేకుండానే ఆకును అలాగే కదిలించారు. తర్వాత నిజం పురుగులను వదిలితే ఆ మొక్కల్లో ఘాటు రసాయనాలు ఎక్కువగా తయారయ్యాయి, ఆవకు ఘాటునిచ్చే జాతివే. గాలి కదలికలకు గానీ, ఇంకో కీటకం పాట వినిపించినప్పుడు గానీ అలా జరగలేదు. మొక్క మేల్కొన్నమాట నిజమే, శత్రువు దంతాల చప్పుడుకు.

2019లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయంలో లిలాక్ హదానీ బృందం సాయంత్రం పూసే ఒక ప్రిమ్‌రోజ్ పువ్వుకు తేనెటీగ రెక్కల మోత వినిపించింది. మూడు నిమిషాల్లో మకరందంలో చక్కెర శాతం పెరిగింది. ఎక్కువ ఫ్రీక్వెన్సీ శబ్దాలకు పెరగలేదు. పువ్వును గాజు పాత్రలో మూసేస్తే కూడా పెరగలేదు. రేకులే శబ్దాన్ని పట్టుకుంటున్నాయని వాళ్ల అంచనా. ఈ రెండు ప్రయోగాల్లోనూ మొక్కను కదిలించిన చప్పుడు దాని బతుకుతో ముడిపడినదే. ఒకటి తినే పురుగుది, ఒకటి పుప్పొడి మోసే ఈగది. వీణ ఆ జాబితాలో ఎందుకుండాలో చెప్పడం కష్టం.

వంగ పువ్వు దగ్గర తుమ్మెద

తోటను నిజంగా తెరిచే స్వరం ఏదైనా ఉంటే అది ఇక్కడుంది. కొల్లూరు వైపు లంకల్లోనో, మీ డాబా మీదో, పొద్దున పూట వంగ పువ్వును దగ్గరగా చూడండి. ఊదారంగు రేకుల మధ్య పసుపుపచ్చని కేసరాలు గుత్తిగా నిలబడి ఉంటాయి. మిరప కేసరాలైతే పక్కలు నిలువునా చీలి పుప్పొడి బయటపడుతుంది. వంగలో అలా చీలవు. ఒక్కో కేసరం కొసన సన్నని రంధ్రం, పుప్పొడంతా లోపలే. తేనె కోసం వచ్చినవాళ్లకు ఈ పువ్వులో తేనె కూడా లేదు.

నల్లగా నిగనిగలాడే గండుతుమ్మెద వచ్చి ఆ గుత్తిని కాళ్లతో కావలించుకుని వేలాడుతుంది. రెక్కలు ఆడించదు. రెక్కలను కదిపే కండరాలను మాత్రం వేగంగా వణికిస్తుంది. ఎగిరేటప్పటి రొద ఒక్కసారిగా మారి స్వరం పైకి లేస్తుంది, చెవికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ వణుకు కేసరాల్లోకి దిగి, కొసనున్న రంధ్రాల్లోంచి పుప్పొడి చిమ్మి తుమ్మెద పొట్ట మీద పడుతుంది. ఒకటి రెండు సెకన్ల పని. మళ్లీ ఇంకో పువ్వు.

టమాటాదీ ఇదే పద్ధతి. మామూలు తేనెటీగకు ఈ విద్య రాదు, ఎన్ని పెట్టెలు తెచ్చిపెట్టినా వంగతోటలో తుమ్మెద చేసే పని చేయలేదు. వంగ, టమాటా గాలి ఊపుకు కూడా కొంత కాస్తాయి, కానీ తుమ్మెద వచ్చినచోట కాపు మెరుగ్గా ఉంటుంది. గాలీ ఈగా చొరబడని పాలీహౌస్‌లలో టమాటా కాయించడానికి విదేశాల్లో ముందు కరెంటుతో వణికే పుల్లలు పువ్వులకు తగిలించేవారు, 1980ల చివరి నుంచి బంబుల్ తేనెటీగలను పెంచి వదులుతున్నారు. కృష్ణా, గుంటూరు మైదానాల్లో ఆ జాతి లేదు. ఇక్కడ ఆ పని గండుతుమ్మెదలది, నీలి చారల చిన్న తేనెటీగలది. ఎండిన కొమ్మల్లో, వెదురు బొంగుల్లో, పందిరి గుంజల్లో తొలుచుకుని ఉండేది తుమ్మెదే. పాత గుంజలు తీసేసి ఇనుప పైపులు వేసిన పందిళ్ల దగ్గర వాటికి ఇల్లు పోతుంది. పూత మీద పురుగుమందు కొడితే ప్రాణమే పోతుంది.

తుమ్మెద ఝంకారానికి పువ్వు పరవశించిందని కవులు రాసినప్పుడు మనం అలంకారమనుకుని వదిలేశాం. వంగ పువ్వు విషయంలో అది అక్షరాలా జరుగుతున్న పని. ఒక షరతు మాత్రం ఉంది. అదే ఝంకారాన్ని రికార్డు చేసి మామూలు స్పీకర్లో పెడితే పుప్పొడి రాలదు. వణుకు గాలిలోంచి వస్తే చాలదు, తుమ్మెద కాళ్లు పువ్వును పట్టుకోవాలి.

పరోక్షంగా పడే దెబ్బలు, మేళ్లు

శబ్దం మొక్కను నేరుగా తాకకుండా చుట్టూ ఉన్న ప్రాణుల ద్వారా కూడా తాకుతుంది. అమెరికాలోని న్యూమెక్సికోలో గ్యాస్ యంత్రాల రొద ఉన్నచోట పైన్ మొలకలు నిశ్శబ్దంగా ఉన్న చోటితో పోలిస్తే నాలుగో వంతే ఉన్నాయని 2012లో తేలింది. గింజలు తీసుకెళ్లి పాతిపెట్టే పక్షులు రొదకు దూరంగా వెళ్లిపోయాయి, గింజలు తినేసే ఎలుకలు మిగిలాయి. మొక్కకు వినపడిందా లేదా అన్న ప్రశ్నే అక్కడ లేదు.

మట్టిలోనూ ఏదో జరుగుతోంది. ఎండు తెగులుకు మన రైతులు పశువుల ఎరువులో కలిపి వేసే ట్రైకోడెర్మా తెలుసు కదా. ఆ జాతి శిలీంధ్రానికి ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంవాళ్లు అయిదు రోజులు, రోజుకు అరగంట చొప్పున 80 డెసిబెల్స్ మోత వినిపించారు. మోత విన్నది ఎక్కువ పెరిగి, ఎక్కువ సిద్ధబీజాలు ఇచ్చిందని 2024లో ప్రచురించారు. వినిపించింది సంగీతం కాదు, ఒకే తీరున సాగే కీచుమనే హోరు. జరిగింది పొలంలో కాదు, గాజు పళ్లెంలో.

మొక్క చేసే చప్పుడు

ఇన్నాళ్లూ మనం మొక్కకు ఏం వినిపించాలా అని చూశాం. 2023లో హదానీ బృందమే టమాటా, పొగాకు మొక్కల పక్కన మైకులు పెట్టింది. నీళ్లు లేక వాడుతున్న మొక్క, కాండం తెగిన మొక్క గంటకు 30 నుంచి 50 దాకా టిక్కుమనే చప్పుళ్లు చేశాయి. బాగున్న మొక్క గంటకు ఒకటి కూడా చేయలేదు. ఆ చప్పుళ్లు 40 నుంచి 80 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటాయి, మన చెవి 20 దాటితే వినదు. నీటిగొట్టాల్లో గాలి బుడగలు చిట్లడం వల్ల ఇవి పుడుతున్నాయని అనుకుంటున్నారు. ఏడుపు, కేక అని వార్తల్లో రాశారు గానీ మొక్క ఎవరికో చెప్పాలని చేస్తోందనడానికి ఆధారం లేదు. మోకాలు టక్కుమంటే మనం మాట్లాడినట్టు కాదు కదా.

చెప్పాలనుకోకపోయినా వినేవాళ్లున్నారు. ఆ చప్పుళ్లు వినగల ఆడ రెక్కలపురుగులు గుడ్లు ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు వాటిని లెక్కలోకి తీసుకుంటున్నాయని, పక్కపక్కన రెండు మంచి టమాటా మొక్కలుంటే వాడిన మొక్క చప్పుడు వినిపించినదాన్ని వదిలి రెండోదాని మీద గుడ్లు పెడుతున్నాయని తర్వాతి ప్రయోగాల్లో చూశారు. అందులో వాడింది ఈజిప్టు పత్తి లద్దెపురుగు. గుంటూరు మిరపను, పొగాకును తినే లద్దెపురుగు దానికి దగ్గరి చుట్టం. అదే ప్రయోగాన్ని ఇక్కడి పురుగుతో, ఇక్కడి మిరప మీద చేసి చూడటం తర్వాతి మెట్టు. దానికి వీణ అక్కర్లేదు, గబ్బిలాల అరుపులు పట్టే మైకు కావాలి.